కదలని బాణం

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లిఫ్ట్ మాత్రం రాలేదు.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్‌లోకి తల దూర్చి నడిచొస్తున్న యానిమేటర్ ఆ సంగతి గమనించలేదు. అలవాటుగా అడుగు లోపలికి వేశాడు. ఎనిమిది అంతస్తుల చీకట్లో అతను అరిచాడో లేదో ఎవరికీ వినపడలేదు. కారిడార్ చివర నిలబడ్డ మనిషి మాత్రం లిఫ్ట్ కంట్రోల్ బాక్సుకి తాపీగా మూత బిగించాడు. జేబులోంచి చిన్న సీసా తీసి చేతులకి శానిటైజర్ రాసుకున్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం మార్చురీలో, ఆ శవం పక్కనే నిలబడి పెద్దసారు బిస్కెట్లు తింటున్నాడు. పెద్దసారంటే రహస్య విభాగం అధిపతి.

"తీసుకో" అని ప్యాకెట్ చాపాడు.

ఏజెంట్ జిల్లేడు తల అడ్డంగా ఊపాడు. ఆ కోడ్‌నేమ్ ఎవరు పెట్టారోగానీ అతికినట్టు సరిపోయింది. ఎక్కడ పడితే అక్కడ మొలుస్తాడు, పశువులు కూడా మూతి పెట్టవు. ఇన్నేళ్ళ సర్వీసులో జిల్లేడు చాలా శవాలు చూశాడు. శవాల దగ్గర తినే మనుషుల్ని చూడ్డమే ఇప్పటికీ అలవాటు కాలేదు.

"ఏం పని చేసేవాడు సార్?"

"మోషన్ గ్రాఫిక్స్. సినిమాల్లో కంప్యూటర్ తెరల మీద బొమ్మలు కదుల్తాయి చూడు, అవి చేసేవాడు. చివరగా ఒక నావిగేషన్ మ్యాప్ చేస్తున్నాడు. కారు పోతుంటే దారి చూపించే తెర."

"దానికి చంపేస్తారా?"

"మొన్న మన హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాడు. 'సినిమాకే అన్నారు సార్, కానీ చక్రం ఎంత వేగంగా తిరిగితే మ్యాప్ అంత వేగంగా కదలాలంటున్నారు. సినిమాకి అదెందుకు?' అన్నాడట. మనవాళ్ళు ఆఫీసు వేళల్లో చెయ్యమన్నారు."

పెద్దసారు ఇంకో బిస్కెట్ విరిచాడు. పొడి శవం మీది దుప్పటి మీద రాలింది. ఆయన ఊదేశాడు. జిల్లేడు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

విషయం ఇదీ. విదేశీ రసాయనాల కంపెనీ ఒకటి. దాని గ్యాస్ లీకై కాలనీ కాలనీ నిద్రలోనే తుడిచిపెట్టుకుపోయింది. అది ప్రమాదం కాదు, ఆయుధంగా పనికొస్తుందా లేదా అని చూడ్డానికి కావాలనే వదిలారని ఆ కంపెనీ కెమిస్టే కోర్టులో చెప్పబోతోంది. ఆఫీసులో అందరూ ఆమెని కెమిస్టమ్మ అంటున్నారు. ఆమె కోర్టు మెట్లెక్కకుండా చూసే కాంట్రాక్టు ఒక విదేశీ ముఠా తీసుకుంది. హత్యల్ని ప్రమాదాల్లా కనపడేట్టు చెయ్యడం వాళ్ళ ప్రత్యేకత.

"ఆమెని మామూలు లాండ్రీ వ్యాన్‌లో తెస్తున్నాం" అన్నాడు పెద్దసారు. "వెంట ఎస్కార్ట్ ఉండదు, లోపల ఒక గార్డు మాత్రం ఉంటాడు. ఫోన్లు ఆపేసుంటాయి. డ్రైవర్ పొరుగూరు నుంచి ఆ రోజే వస్తాడు, వాణ్ని కొనడం ఎవరి వల్లా కాదు."

"అంటే ఊరు తెలియని డ్రైవర్. తెర ఎటు పొమ్మంటే అటు పోతాడు."

పెద్దసారు నమలడం ఆపాడు. "బండి మారిస్తే వాళ్ళకి తెలిసిపోతుంది, ఇంకో దారి వెతుక్కుంటారు. నాకు ఆ ముఠా ఎక్కడ కాపు కాస్తోందో కావాలి. చచ్చినవాడి కుర్చీ ఖాళీగా ఉంది. నువ్వు కూర్చో. లోపల మన మనిషి ఒకామె ఉంది, ఆవిడే నిన్ను చేర్చుకుంటుంది."

"నాకు పెళ్ళి శుభలేఖ డిజైన్ చెయ్యడం కూడా రాదు సార్."

"మీ బావమరిది పెళ్ళి వీడియోలకి టైటిల్స్ చేస్తాడుగా? నేర్చుకో."

ఇంట్లో ఎవరేం చేస్తారో కూడా ఆఫీసు ఫైలెక్కించిందన్నమాట. జిల్లేడుకి ఒళ్ళు మండింది.

*

"బావా, ముందు ఒకటి అర్థం చేసుకో" అన్నాడు బావమరిది, కుర్చీలో కాళ్ళు మడిచి కూర్చుని. "మ్యాప్ మీద బాణం పోతున్నట్టు కనపడుతుంది కదా? బాణం పోదు. బాణం తెర మధ్యలో కదలకుండా ఉంటుంది. దాని కింద ఊరు జరుగుతుంది."

"ఊరు తిప్పేదెవరు?"

"నల్. అదో ఆబ్జెక్ట్. కంటికి కనపడదు, సొంతంగా ఏ పనీ చెయ్యదు. కానీ రోడ్లు, ఇళ్ళు, నీలం గీత, అన్నిటినీ దానికి పిల్లలుగా కట్టేస్తాం. అది జరిగితే అన్నీ జరుగుతాయి."

"మా పెద్దసారన్నమాట."

బావమరిది పగలబడి నవ్వాడు. ఏ క్షణానికి బొమ్మ ఎక్కడుండాలో గుర్తులు, అంటే కీఫ్రేములు, పెట్టడం, మలుపు దగ్గర మ్యాప్ కుదుపు లేకుండా మెత్తగా తిరిగేట్టు ఈజ్ ఇవ్వడం, 'ఇలా జరిగితే అలా చెయ్యి' అని ఎక్స్‌ప్రెషన్ రాయడం ఓపిగ్గా నేర్పాడు. "నీకెందుకు బావా ఈ వయసులో ఇదంతా?" అని మాత్రం ఒకసారి అడిగాడు.

"పెన్షన్ చాలదని మీ అక్క గోల."

లోపల్నుంచి భార్య గొంతు వినపడింది. "నేనెప్పుడన్నాను? నా మీదికి తొయ్యకు!"

*

స్టూడియోలో అడుగు పెట్టగానే జిల్లేడు ఊపిరి బిగబట్టాడు. కిటికీల్లేని గది. ఏసీలోంచి తడి సాక్సుల వాసన. దాన్ని కప్పెట్టడానికి కొట్టిన రూమ్ ఫ్రెష్‌నర్ ఇంకా ఘోరం. కీబోర్డు సందుల్లో చచ్చినవాడి గోళ్ళ ముక్కలు, వెంట్రుకలు. టేబుల్ కింద వాడి చెప్పులు అలాగే ఉన్నాయి, ఎవరూ తియ్యలేదు. వాడి కప్పులోనే కాఫీ పోసి తెచ్చిచ్చారు. అంచున పెదాల మరక ఆరిపోయి ఉంది.

పిలక జుట్టు విగ్గు, మందపాటి కళ్ళద్దాలు, నల్ల టీషర్టు. ఇదీ జిల్లేడు వేషం. నున్నటి బట్టతల మీద విగ్గు చీమలు పాకినట్టు దురద పెడుతోంది.

ప్రొడ్యూసర్ మేడమ్ వచ్చింది. ముందు సెంటు వచ్చింది, తర్వాత ఆమె వచ్చింది. సిల్కు చొక్కా, ఎర్రటి లిప్‌స్టిక్, మనిషిని ధర కట్టే చూపు.

"మీ ఊళ్ళో కాకులు ఎగురుతాయా?" అంది నెమ్మదిగా.

"లేదండీ, బస్సులో పోతాయి."

కోడ్ కలిసింది. ఆమె కన్ను గీటి, "నేనున్నాను, భయపడకండి" అంది. ఆ మాట అన్న తీరుకే జిల్లేడుకి భయం వేసింది.

క్లయింట్ రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు. సన్నటి, తెల్లటి, ఇస్త్రీ మడత లాంటి మనిషి. పరాయి దేశంవాడు. మన భాష మాత్రం వార్తలు చదివేవాడిలా స్పష్టంగా మాట్లాడేవాడు. కూర్చునేముందు చేతులకి శానిటైజర్, లేచేముందు మళ్ళీ శానిటైజర్. జిల్లేడు మనసులో వాడికి ఆ పేరే ఖాయం చేశాడు.

పని వీడియో కాదు. వ్యాన్ తెరలో కూర్చునే టెంప్లేట్. చక్రాల వేగం అందులోకి వస్తుంది, దాన్నిబట్టి మ్యాప్ కదుల్తుంది. రోడ్ల గీతలున్నాయి గానీ పేర్లు లేవు. "పేర్లు చివర్లో ఇస్తాం" అన్నారు. ఏ ఊరో, ఏ రోడ్డో తెలియని గీతల గజిబిజిలో ఒక నీలం దారి. ఒక వంతెన. దాటాక ఒక జంక్షన్. అక్కడ ఎడమకి మలుపు. తర్వాత ఒక సన్న దారి, చివర గమ్యం చుక్క.

"ఎడమ మలుపు రాకముందు నీలం గీత కొంచెం మెరవాలి" అన్నాడు శానిటైజర్. "డ్రైవర్‌కి నమ్మకం కలగాలి."

"ఏ డ్రైవర్‌కి సార్?"

"సినిమాలో డ్రైవర్‌కి."

"తర్వాతేమవుతుంది సినిమాలో?"

"ఆ సీన్ వేరే కంపెనీవాళ్ళు చేస్తున్నారు." వాడు తెర చివరికి వేలు చూపించాడు. "ఇక్కడ 'మీ గమ్యం చేరుకున్నారు' అన్న అక్షరాలు గుండ్రంగా, లేతాకుపచ్చలో ఉండాలి. ఆహ్లాదంగా."

ఆహ్లాదంగా! కత్తి పిడికి ముత్యాలు కుట్టమంటున్నట్టుంది. మర్నాడు ఆకుపచ్చ మరీ ముదురైందన్నాడు. ఆ మర్నాడు అక్షరాలు కొంచెం ఆలస్యంగా, పువ్వు విచ్చుకున్నట్టు రావాలన్నాడు. మేడమ్ పక్కన నిలబడి, "ఆ ఫీల్ వచ్చింది కదా!" అని చప్పట్లు కొట్టేది.

జిల్లేడుకి వీళ్ళందరి మీదా పుట్టిన రోత ఒకెత్తు, తన మీద తనకి పుట్టిన రోత ఇంకొకెత్తు. ఒక సాయంత్రం మలుపు దగ్గర కీఫ్రేములు సర్దుతుంటే మ్యాప్ నీళ్ళమీద పడవ తిరిగినంత మెత్తగా తిరిగింది. మళ్ళీ వెనక్కి పెట్టి చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. 'భలే కుదిరిందిరా' అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం మౌస్ వదిలేశాడు. ఒక ఆడమనిషిని చావుకి నడిపించే దారిని తను మురిసిపోతూ నున్నగా దిద్దుతున్నాడు! లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. అద్దంలో మొహం చూసుకోబుద్ధి కాలేదు.

*

వారం తిరిగిన రోజు ఉదయం రోడ్ల పేర్లొచ్చాయి. ఫైలు తెరిచి రోడ్ల మీద అతికించగానే జిల్లేడు తెర మీదికి వంగాడు. ఇది తన ఊరే. ఆ వంతెన ఈ బిల్డింగుకి అవతలి వీధిలోదే. కోర్టుకి పోవాలంటే జంక్షన్‌లో తిన్నగా పోవాలి. నీలం గీత ఎడమకి, మూతపడ్డ మిల్లు రోడ్డుకి తిరుగుతోంది. గమ్యం చుక్క సరిగ్గా మిల్లు గోడల మధ్య ఉంది. లోపలికి పోయిన బండికి వెనక్కి తిరిగే చోటుండదు.

"మధ్యాహ్నం లోపల కావాలి. ఇవాళే షూటింగ్" అన్నాడు శానిటైజర్. ఏ షూటింగో జిల్లేడుకి అర్థమైంది.

ఫోన్లన్నీ కింద సెక్యూరిటీ దగ్గర. ఉన్న ఒకే ఒక్క గాడ్జెట్ ఆఫీసు ల్యాబ్ ఇచ్చిన చూయింగ్ గమ్ కాగితం. గోటితో రాస్తే కనపడదు, వేడి తగిలితే కనపడుతుంది. 'ఇవాళే. పాత మిల్లు రోడ్డు. వ్యాన్ ఆపండి' అని రాసి, గమ్ చుట్టూ చుట్టి మేడమ్ చేతిలో పెట్టాడు.

"ఇప్పుడే పంపిస్తాను" అంది ఆమె. మెట్ల వైపు హడావిడిగా వెళ్ళింది కూడా.

కాసేపటికి జిల్లేడు చేతులు కడుక్కోవడానికి వాష్‌రూమ్‌కి వెళ్ళాడు. టిష్యూ పారేస్తూ డస్ట్‌బిన్‌లోకి చూశాడు. తడి టిష్యూల మధ్య తన కాగితం. దాని లోపల నమిలి ఉమ్మేసిన గమ్, అంచుకి ఎర్రటి లిప్‌స్టిక్. రెండు వేళ్ళతో బయటికి తీశాడు. జిగటగా సాగింది. కాగితానికి వేడి కూడా చూపించలేదు. ఒక మనిషి ప్రాణాన్ని నమిలి, ఉమ్మి, చుట్టి పారేసింది.

ఇదీ మన మనిషి!

కోపం తర్వాత పడొచ్చు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. దారి మార్చేస్తే? శానిటైజర్ మొదట్నుంచి చివరిదాకా చూడకుండా ఫైలు తీసుకోడు. చూస్తే దొరికిపోతాడు. వాడు చూసేటప్పుడు జరగనిది, రోడ్డు మీద మాత్రమే జరిగేది ఏముంది?

ఆగడం. టెస్ట్ చేసేటప్పుడు బండి మొదలుపెట్టాక ఎక్కడా ఆగదు. రోడ్డు మీద ఆగుతుంది. ఆ వంతెన దాటాక సిగ్నల్ దగ్గర ఆగని బండి ఈ ఊళ్ళో పుట్టలేదు.

నీలం గీతకి రెండో కాపీ చేసి, జంక్షన్‌లో తిన్నగా కోర్టుకి లాగి, దాచేశాడు. నల్ మీద ఎక్స్‌ప్రెషన్ రాశాడు. వంతెన దాటాక వేగం ఒక్కసారి సున్నా అయితే పాత గీత మాయమవ్వాలి, కొత్త గీత రావాలి. ఎంటర్ కొట్టేసరికి సెంటు వాసన తగిలింది. వెనకాల మేడమ్, ఆమె వెనక శానిటైజర్.

"చూపించండి" అన్నాడు వాడు.

మ్యాప్ కదిలింది. వంతెన వచ్చింది, దాటింది. శానిటైజర్ ముందుకి వంగి వేగం స్లైడర్ తన చేతిలోకి తీసుకున్నాడు. పెంచాడు, ఊరు పరిగెత్తింది. తగ్గించాడు, ఊరు నడిచింది. ఇంకా తగ్గించాడు. ఊరు పాకుతోంది. సున్నాకి వెంట్రుకవాసి దూరంలో స్లైడర్. విగ్గు కింద చెమట ధారలు కట్టింది.

"ఇంక చాలండీ" అంది మేడమ్, గోళ్ళు చూసుకుంటూ. "బండి బయల్దేరే వేళయింది."

వాడు స్లైడర్ వదిలాడు. ఎడమ మలుపు మెత్తగా తిరిగింది. లేతాకుపచ్చ అక్షరాలు పువ్వులా విచ్చుకున్నాయి. ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది. వ్యాన్ తెరలోకి ఎక్కించడానికి గుమ్మంలో కాచుకున్న మెకానిక్ దాన్ని పట్టుకుని పరిగెత్తాడు.

శానిటైజర్ చేతులు రుద్దుకుంటూ చిరునవ్వు నవ్వాడు. "మంచి పని చేశారు. మీ కోసం లిఫ్ట్ పిలిచాం."

"వద్దు సార్. షుగరు. డాక్టర్ మెట్లు దిగమన్నాడు."

వాళ్ళు తేరుకునేలోపు మెట్ల తలుపు తోసుకుని దూకాడు. పైనుంచి బూట్ల చప్పుడు వెంటపడింది. రెండు అంతస్తులు దిగి విగ్గు, కళ్ళద్దాలు చెత్తబుట్టలో పడేసి, గోడకి ఆనించిన తుడుపుకర్ర అందుకున్నాడు. పిలక జుట్టువాడి కోసం పరిగెత్తుకొచ్చిన ఇద్దరు, నేల తుడుస్తున్న బట్టతలాయన్ని తోసుకుని, "అడ్డులే!" అని కిందికి పోయారు.

వాళ్ళు గేటు దాటి పోయాక జిల్లేడు బయటపడి, వీధి మూల మందుల షాపులో ఫోన్ అడుక్కుని ఆఫీసుకి చేశాడు.

"ఈ వారం కోడ్‌వర్డ్ చెప్పండి" అంది ఆపరేటరమ్మ.

"నేను వారం నుంచి అండర్‌కవర్‌లో ఉన్నానమ్మా! పాత మిల్లు రోడ్డుకి మనుషుల్ని పంపండి!"

"కోడ్‌వర్డ్ లేకపోతే నోట్ చేసుకోలేను సార్."

జిల్లేడు నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. మందుల షాపాయన చెవులు మూసుకున్నాడు. లైన్ కట్ అయింది.

జంక్షన్‌కి పరిగెత్తాడు. పరిగెత్తుతూ సిగ్నల్ చూశాడు. పచ్చ. దానవతల ఇంకోటి, అదీ పచ్చ. పక్క రోడ్ల బండ్లన్నీ హారన్లు కొడుతున్నా వాటి ఎర్ర దీపం మారడం లేదు. సిగ్నళ్ళు కూడా కొనేశారు! వ్యాన్ ఎక్కడా ఆగదు. ఆగకపోతే గీత మారదు.

వంతెన మీద లాండ్రీ వ్యాన్ కనపడింది. ఎడమ ఇండికేటర్ అప్పుడే వెలిగి ఆరుతోంది.

చెయ్యూపితే ఆగరు. ఏ మనిషి కోసమూ బండి ఆపొద్దని డ్రైవర్‌కి ఆర్డరు. జిల్లేడు చుట్టూ చూశాడు. చేపల అంగళ్ళ ముందు చక్రాల మీద నిలబడ్డ పెద్ద చెత్త డబ్బా, నిండి కారుతోంది. తనకి ఇక ఆలోచించే టైము లేదు. భుజం ఆనించి తోశాడు. కదల్లేదు. మళ్ళీ తోశాడు. చక్రం గులకరాయి దాటింది, డబ్బా రోడ్డు మధ్యకి దొర్లి బోర్లా పడింది. దాంతోపాటు ఆయనా పడ్డాడు. చేప పేగులు, కుళ్ళిన కూరలు, పసిపిల్లల డైపర్లు, నల్లటి జిగురు నీళ్ళు. మెడలోంచి చొక్కాలోకి ఏదో చల్లగా జారింది. అదేమిటో చూడదల్చుకోలేదు.

వ్యాన్ కీచుమని బ్రేకు వేసి ఆగింది.

"కళ్ళు కనపడవా?" డ్రైవర్ తల బయటపెట్టి అరిచాడు. వెంటనే ముక్కు మూసుకుని తల లోపలికి లాక్కున్నాడు. డ్రైవర్ భుజం వెనకనుంచి గార్డు తుపాకీ గొట్టం జిల్లేడు వైపు చూసింది. ఆయన చెత్తలో మోకాళ్ళ మీద నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, ఇండికేటర్ వైపే చూస్తున్నాడు. వెలిగింది. ఆరింది. వెలిగింది.

డ్రైవర్ తెర వైపు చూశాడు. తల గోక్కున్నాడు. వేలితో తెరని ఒకసారి తట్టాడు.

ఇండికేటర్ ఆరింది. మళ్ళీ వెలగలేదు.

వ్యాన్ చెత్త మీదుగా ఎగిరెగిరి పడుతూ జంక్షన్ దాటి తిన్నగా కోర్టు రోడ్డులోకి పోయింది. ఎడమవైపు, మిల్లు రోడ్డు మొదట్లో ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని కాచుకున్న లారీ ఒకటి అలాగే బుసలు కొడుతూ ఉండిపోయింది. ఇంకాసేపటికి దాని చుట్టూ మూడు జీపులు ఆగాయి.

*

కెమిస్టమ్మ సాయంత్రం దాకా సాక్ష్యం చెప్పింది. కాలనీలో చచ్చిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే కోర్టు హాల్లో దగ్గు కూడా వినపడలేదట.

శానిటైజర్ స్టూడియో బాత్రూములో దొరికాడు, చేతులు కడుక్కుంటూ. మేడమ్‌ని విమానాశ్రయంలో పట్టుకున్నారు. ఆమె తొణకలేదు. తను రెండు వైపులా పనిచేసింది కాబట్టి ఇద్దరూ తనని కాపాడాలని వాదించింది. అవతలివాళ్ళు ఆమె ఎవరో తెలియదన్నారు. ఇవతలివాళ్ళు తెలుసని ఒప్పుకోడానికి సిగ్గుపడ్డారు.

పెద్దసారు కారు జంక్షన్‌కి వచ్చేసరికి జిల్లేడు ఫుట్‌పాత్ మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఇరవై అడుగుల మేర జనం ఖాళీ చేశారు. కుక్క ఒకటి దగ్గరికొచ్చి, వాసన చూసి, తుమ్మి వెళ్ళిపోయింది.

"కోడ్‌వర్డ్ చెప్పకుండా ఎవరో బూతులు తిట్టారని ఆపరేటరమ్మ కంప్లైంట్ ఇచ్చిందయ్యా" అన్నాడు పెద్దసారు, కారు దిగకుండానే. "టేప్ విన్నాను. ఆ తిట్లు నీవేనని గుర్తుపట్టి మిల్లు రోడ్డుకి మనుషుల్ని తోలాను."

"లోపలున్నది మన మనిషని చెప్పింది మీరే సార్."

పెద్దసారు ఆ మాట విననట్టు దగ్గాడు. జిల్లేడు లేచి కారు వైపు నాలుగడుగులు వేశాడు. చొక్కాలోంచి ఏదో జారి కింద పడింది. పెద్దసారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని గబగబా అద్దం పైకెక్కించాడు. చివర్లో వేలెడు సందు మాత్రం మిగిల్చి అందులోంచి అన్నాడు.

"నిన్ను మెచ్చుకోవాల్సింది చాలా ఉంది. ముందు ఇంటికెళ్ళి స్నానం చెయ్యి, ఫోన్‌లో మెచ్చుకుంటాను."